కొత్త రైళ్లు ఆలస్యం.. పాతవే దిక్కు

న్యూయార్క్: భూగర్భ రైలు బోగీ ఆయుష్షు సాధారణంగా నలభై ఏళ్లు. అలాంటిది 1964లో పట్టాలెక్కిన ఆర్‌-32 బోగీలు 2020 వరకు న్యూయార్క్‌ ప్రయాణికులను మోశాయి. ఇది వాటిపై మక్కువతో చేసిన పని కాదు. వాటి స్థానంలో రావలసినవి వేళకు రాలేదు.

ఫిలడెల్ఫియాకు చెందిన బడ్‌ కంపెనీ అప్పట్లో 600 బోగీలను తయారు చేసి ఇచ్చింది. స్టెయిన్‌లెస్‌ స్టీలు తొడుగు వాటి ప్రత్యేకత. 2007 తరువాత ఆర్‌-160 బోగీలు రావడంతో వీటిని వరుసగా తప్పించారు. కొన్నింటిని చేపలకు ఆవాసంగా అట్లాంటిక్‌ సముద్రంలో ముంచారు కూడా. ఇంతలో 1970ల తొలినాళ్ల ఆర్‌-44 బోగీల చట్రాలకు తుప్పు పట్టినట్లు తేలింది. దాంతో వయసులో చిన్నవాటిని సాగనంపి, పెద్దవాటిని అట్టిపెట్టుకోవలసి వచ్చింది. అలా 222 ఆర్‌-32 బోగీలు మిగిలాయి.

విడిభాగాలు ఎక్కడివి?

బడ్‌ కంపెనీ 1987లోనే రైలు బోగీల తయారీ మానుకుంది. తప్పించిన బోగీల నుంచి పనికొచ్చే భాగాలను ఊడదీసుకోవడం, దొరకనివాటిని ప్రత్యేకంగా చేయించుకోవడం తప్ప ఇటువంటి పరిస్థితిలో వర్క్‌షాపులకు మరో దారి ఉండదు. చెడిపోయేదాకా ఆగక బ్రేకులు, మోటార్లు, తలుపుల యంత్రాలను గడువు ప్రకారం మార్చే పద్ధతి అక్కడ ఎప్పటి నుంచో ఉంది. అయినా వయసు దాగదు కదా! 2017 నాటికి ఈ బోగీలు సగటున సుమారు 33 వేల మైళ్లకోసారి మొరాయించేవి. సరికొత్తవి లక్షల మైళ్లు నడిచేవి.

వేసవిలో మరో చిక్కు. ‘సి’ మార్గం మొత్తం సొరంగంలోనే సాగుతుంది. అక్కడి వేడికి పాత ఏసీ యంత్రాలు చేతులెత్తేసేవి. దాంతో 2011 వేసవి నుంచి కొన్నింటిని ఆరుబయట ఎక్కువగా నడిచే మార్గాలకు మార్చారు. యంత్రం మారలేదు, దానికి కాస్త గాలి దొరికిందంతే.

మూడేళ్ల జాప్యం

వీటికి బదులుగా 300 ఆర్‌-179 బోగీల కోసం 2012లో బొంబార్డియర్‌ సంస్థతో ఒప్పందం కుదిరింది. వెల్డింగ్‌ లోపాలు బయటపడటంతో పని కుంటుపడింది. తొలి రైలు 2017 డిసెంబరులో గానీ ప్రయాణికులను ఎక్కించుకోలేదు. జాప్యం దాదాపు మూడేళ్లని, పాత రైళ్ల నిర్వహణకు సుమారు 3.5 కోట్ల డాలర్ల అదనపు భారం పడిందని నగర కంట్రోలర్‌ ఆడిట్‌ 2019లో తేల్చింది. పరిహారంగా ఆ సంస్థ 18 బోగీలను ఉచితంగా ఇచ్చింది.

కథ అంతటితో ముగియలేదు. 2020 జూన్‌లో నడుస్తున్న ఒక ఆర్‌-179 రైలు రెండుగా విడిపోయింది. ఎవరికీ గాయాలు కాకపోయినా, అధికారులు ఆ రకం రైళ్లన్నింటినీ నిలిపివేశారు. అప్పటికే పక్కన పెట్టిన ఆర్‌-32లనే జులైలో మళ్లీ పట్టాలెక్కించారు. వాటి వీడ్కోలు ప్రయాణం 2022 జనవరి 9న జరిగింది.

ఇదే వరుసలో తరువాతివి 1975-78 నాటి ఆర్‌-46లు. వాటి స్థానంలోకి రావలసిన ఆర్‌-211 రైళ్లు కూడా అనుకున్న సమయానికి అందక, 2023 మార్చిలో సేవలు ప్రారంభించాయి.