పరదేశంలో ఒక ఇల్లు

దూరదేశాలను చూడాలనే కోరిక మానవునికి సహజమైనది. అల్లసాని పెద్దన రచించిన 'మనుచరిత్ర'లో ప్రవరునికి ఈ కోరిక మెండు. తన ఇంటికి వచ్చిన అతిథులను ఆదరించి, వారు చూచిన ప్రదేశాల విశేషాలను ఆసక్తితో అడిగి తెలుసుకొనేవాడు. చివరకు ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపనం మహిమతో హిమాలయానికి చేరుకొన్నాడు. తీరా లేపనం మంచులో కరిగిపోయి, తిరిగి వెళ్ళే దారి లేకపోయేసరికి, అంతవరకు కన్నులపండువగా తోచిన ఆ కొండలనడుమనే అతడు ఇంటికోసం తల్లడిల్లాడు. ఒక చోటును చూచి రావడం వేరు, అక్కడ ఉండవలసి రావడం వేరు.

యాత్రికుడు ఒక దేశంలోని కట్టడాలను, వీధులను, సంతలను చూడగలడు. ఆ దేశీయులు ఉదయాన్నే ఎలా పలుకరించుకొంటారో, పిల్లలను ఎలా మందలిస్తారో, కష్టం వచ్చినప్పుడు ఒకరినొకరు ఎలా ఓదార్చుకొంటారో తెలుసుకోవాలంటే మాత్రం వారి ఇంటిలో నివసించాలి. అందుకు అవకాశం కల్పించేవే విద్యార్థుల పరస్పర మార్పిడి పథకాలు. వీటి ద్వారా ఉన్నత పాఠశాల స్థాయి విద్యార్థి ఒక విద్యా సంవత్సరంపాటు మరొక దేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉంటూ అక్కడి బడిలో చదువుకొంటాడు. అతనికి ఆశ్రయమిచ్చే కుటుంబాన్ని 'ఆతిథేయ కుటుంబం' అంటారు.

ఈ పథకాలలో ప్రసిద్ధమైన ఒకదానికి మూలం యుద్ధభూమిలో ఉండడం గమనింపదగిన విషయం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ఏ. పయట్ ఆండ్రూ అనే అమెరికా దేశీయుడు ఫ్రాన్సులో గాయపడిన సైనికులను ఆసుపత్రులకు చేర్చడానికి స్వచ్ఛంద సేవకులతో ఒక అంబులెన్సు దళాన్ని ఏర్పరచాడు. అదే 'అమెరికన్ ఫీల్డ్ సర్వీస్'గా పేరు పొందింది. రెండవ ప్రపంచ యుద్ధంలోనూ ఆ దళం సేవలందించింది. యుద్ధం ముగిశాక, 1946లో, స్టీఫెన్ గలాటీ నాయకత్వంలో ఆ చోదకులు సమావేశమయ్యారు. దేశాల మధ్య శాంతి నిలవాలంటే యువతీయువకులు ఒకరినొకరు దగ్గరగా ఎరిగి ఉండాలని భావించి, విద్యార్థుల మార్పిడికి పూనుకొన్నారు. 1947లో 10 దేశాలనుండి 52 మంది విద్యార్థులు అమెరికాకు వచ్చారు. క్షతగాత్రులను మోసిన చేతులే విద్యార్థులకు స్వాగతం పలికాయి.

ఇదే ఆశయం తరువాత ప్రభుత్వాలను కూడా కదిలించింది. తరతరాలుగా యుద్ధాలు చేసుకొన్న ఫ్రాన్సు, జర్మనీలు 1963లో ఎలీసే ఒప్పందం కుదుర్చుకొని, ఉభయదేశాల యువతకోసం ఒక ఉమ్మడి కార్యాలయాన్ని నెలకొల్పాయి. 1983లో అమెరికా, జర్మనీల చట్టసభలు కలిసి మరొక పథకాన్ని ప్రారంభించాయి. 2001 సెప్టెంబరు 11న అమెరికాపై జరిగిన దాడుల అనంతరం, 2002లో, సెనేటర్లు కెన్నడీ, లూగర్‌ల చొరవతో అమెరికా ప్రభుత్వం మరొక యువజన పథకాన్ని ఏర్పాటు చేసింది. భారతీయ విద్యార్థులకు కూడా అందులో స్థానం లభించింది. శత్రుత్వమో అనుమానమో ప్రబలిన తరుణాలలోనే ఇటువంటి ప్రయత్నాలు తలెత్తడం విశేషం.

అమెరికాలో ఇటువంటి విద్యార్థికి ఆశ్రయమిచ్చే కుటుంబం ప్రతిఫలంగా ధనం స్వీకరించదు. విద్యార్థికి ప్రత్యేకంగా ఒక మంచం, చదువుకోవడానికి తగిన చోటు, భోజనం సమకూర్చాలి. స్థానిక ప్రతినిధి ఒకరు విద్యార్థి యోగక్షేమాలను తరచుగా విచారిస్తుండాలి. ఇవి నియమాలు. కాని పరాయి బిడ్డను కన్నబిడ్డగా చూచుకోవాలనే మనసును ఏ నియమమూ కల్పించలేదు. పూర్వం మన ప్రాంతంలో పేద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకొనేవారు. వారంలో ఒక్కొక్కరోజు ఒక్కొక్క ఇంట భోజనం చేస్తూ విద్య పూర్తిచేసేవారు. ఆ ఇల్లాళ్ళు విస్తరిలో వడ్డించిన అన్నంతోపాటు చూపిన ఆప్యాయతను జీవితాంతం తలచుకొన్నవారు ఎందరో ఉన్నారు. ఆతిథేయ కుటుంబంలోనూ ఉన్నది ఆ ఆదరమే.

అయితే ఆదరం ఉన్నంత మాత్రాన అన్నీ సులువుగా సాగిపోవు. తెలుగునాటనుండి వెళ్ళిన విద్యార్థినిని ఊహించుకొందాం. రాత్రి భోజనాలవేళ ఆ ఇంటి ఇల్లాలు "ఇంకొంచెం వడ్డించనా?" అని అడుగుతుంది. ఆకలి తీరకపోయినా ఆ బాలిక మొహమాటంతో "వద్దండీ" అంటుంది. మన ఇళ్ళలో అయితే ఆ మాటను ఎవరూ లెక్కచేయరు. "వద్దంటే ఎలాగమ్మా, కొంచెమే!" అంటూ మారు వడ్డిస్తారు. అక్కడ "వద్దు" అంటే వద్దనే అర్థం. ఇల్లాలు గిన్నె తీసివేస్తుంది, బాలిక అర్ధాకలితో నిద్రపోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అతిథి మాటను మన్నించడం అక్కడి మర్యాద, మన్నించకపోవడం ఇక్కడి మర్యాద.

పిలుపుల విషయమూ ఇంతే. తల్లి వయసుగల స్త్రీని పేరుపెట్టి పిలవడానికి మన పిల్లలకు నోరు రాదు. "ఆంటీ" అని పిలిస్తే, ఆ పదాన్ని బంధుత్వానికే వాడుకొనే ఆ ఇంటివారికి వింతగా తోచవచ్చు. తిన్న పళ్ళెం తానే కడగడం, తన బట్టలు తానే ఉతుక్కోవడం, ఆలస్యమైతే ముందుగా తెలియజేయడం ఇంటి సభ్యురాలిగా ఆమె బాధ్యతలు. దినమంతా పరభాషలో విని, ఆలోచించి, బదులుచెప్పడంవల్ల సాయంత్రానికి మనసు అలసిపోతుంది. అమ్మ కలిపిపెట్టిన ఆవకాయ ముద్ద గుర్తుకు వచ్చి కన్నీరు కారుతుంది. ఆ దశను ఓర్పుతో దాటినవారికే ఆ ఇల్లు తమ ఇల్లవుతుంది.

మాటకున్న నిఘంటువు అర్థం ఒకటి, జీవితంలో దానికున్న అర్థం మరొకటి. ఈ అంతరం ఒక్కొక్కసారి ప్రాణాలమీదికి తెస్తుంది. 1992లో జపానులోని నగోయా నగరంనుండి యోషిహిరో హత్తోరి అనే పదహారేళ్ళ విద్యార్థి అమెరికాలోని బేటన్ రూజ్ నగరానికి వెళ్ళి, ఒక కుటుంబంతో నివసించసాగాడు. అక్టోబరు 17 రాత్రి, వేషాలు వేసుకొని జరుపుకొనే హాలోవీన్ విందుకు ఆ ఇంటి కుమారునితో కలిసి బయలుదేరాడు. ఇద్దరూ పొరపాటున వేరొక ఇంటి తలుపు గంట మోగించారు. ఆ ఇంటివారు భయపడ్డారు. గృహయజమాని తుపాకి ఎక్కుపెట్టి "ఫ్రీజ్!" అని గద్దించాడు. ఆ మాటకు నిఘంటువులో మొదట కనిపించే అర్థం 'గడ్డకట్టు'. ఆ క్షణంలో దాని అర్థం 'కదలకు'. విందుకు వచ్చామని చెబుతూ హత్తోరి ముందుకు నడిచాడు. తుపాకి పేలింది. ఆ బాలుడు మరణించాడు. 1993లో న్యాయస్థానం ఆ గృహయజమానిని నిర్దోషిగా విడిచిపెట్టింది.

కుమారుణ్ణి కోల్పోయిన ఆ తల్లిదండ్రులు ఏమి చేశారన్నది విద్యార్థులందరూ తెలుసుకోదగినది. ఇళ్ళలో తుపాకులు సులభంగా లభించే పరిస్థితి మారాలని కోరుతూ జపానులో సుమారు 17 లక్షల సంతకాలు సేకరించి, 1993లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ను కలిశారు. ఈ ఉద్యమంలో ఆతిథేయ దంపతులు వారికి తోడుగా నిలిచారు. అంతటితో ఆగక, ఆ తల్లిదండ్రులు కుమారుని పేర ఒక నిధిని నెలకొల్పి, అమెరికా విద్యార్థులు జపానుకు వచ్చి చదువుకొనే ఏర్పాటు చేశారు. తమ బిడ్డను పొట్టన పెట్టుకొన్న దేశంపై పగ పెంచుకోవడం వారికి కష్టమేమీ కాదు. అయినా ఆ దేశపు బిడ్డలకే తమ దేశపు తలుపులు తెరిచారు. దుఃఖాన్ని ఇంతకంటె ఉదాత్తంగా భరించిన సందర్భాలు అరుదు.

విద్యార్థులారా! మీలో కొందరికి రేపు పరదేశంలో ఒక ఇంట ఉండే అవకాశం రావచ్చు. అప్పుడు అర్థం కాని మాటను అర్థమైనట్లు నటించక, దాని భావాన్ని అడిగి తెలుసుకోండి. ఆకలి వేస్తే మొహమాటపడక చెప్పండి. ఒకవేళ పరదేశపు విద్యార్థి మీ ఇంటికి వస్తే, అతడు "చాలు" అన్నప్పుడు నిజంగానే కడుపు నిండిందేమో గ్రహించండి. ప్రవరుడు ఇంటికి చేరడానికి అగ్నిదేవుణ్ణి ప్రార్థించవలసివచ్చింది. తనవారు లేనిచోట ఉన్న పసివానికి మనిషి తోడే పెద్ద దిక్కు. ఆ తోడు మీరు కాగలరు.