బంగారు గని – లాభాంశము

బంగారము వెదకు కంపెనీలో వాటాలు కొనిన గృహస్థులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "నాలుగేండ్లయినది, లాభాంశము పైసయైనను రాలేదు, ఈ కంపెనీ మంచిదేనా?" ప్రశ్న సహజమైనదే. బ్యాంకులో వేసిన సొమ్ముకు వడ్డీ వచ్చును. కౌలుకిచ్చిన పొలమునకు మక్తా వచ్చును. వాటాకు మాత్రము ఏల రాకూడదు? కాని ఈ జాతి కంపెనీ విషయమున ప్రశ్నను త్రిప్పి అడుగవలసి యుండును: ఒకవేళ లాభాంశము ఇచ్చినచో, ఆ సొమ్ము ఎక్కడిది?

అన్వేషణ కంపెనీ యనగా గని గల కంపెనీ కాదు. దాని చేత నున్నవి కొంత భూమిని పరీక్షించుటకు అనుమతి, కొందరు భూగర్భ శాస్త్రజ్ఞులు, వాటాదారు లిచ్చిన మూలధనము, అంతే. పలుగురాతి పట్టెలు కన్పించు చోట వారు నమూనాలు తీయుదురు, బోర్లు వేయుదురు, పైకి వచ్చిన రాతి కడ్డీలను ప్రయోగశాలకు పంపి టన్ను రాతిలో ఎన్ని గ్రాముల బంగారమున్నదో చూతురు. రెండు మూడు గ్రాములు తేలినను సంతోషింపవలసినదే! ఇన్ని చేసినను అమ్ముటకు సరకు లేదు. సరకు లేనిదే ఆదాయము లేదు. అట్టి కంపెనీ లాభాంశపు మాట ఎత్తుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లే.

చట్టము కూడ ఇట్లే చెప్పుచున్నది. మన 2013 నాటి కంపెనీల చట్టము 123వ సెక్షను ప్రకారము లాభాంశమును లాభములనుండియే పంచవలెను; వెనుకటి నష్టములను పూడ్చిన పిమ్మటనే పంచవలెను. మూలధనమును ముట్టరాదు. ఇది పాత నియమమే. రాని బాకీలను వచ్చు బాకీలుగా లెక్కలలో చూపి లాభాంశము పంచిన డైరెక్టర్లు ఆ సొమ్మును తామే తిరిగి కట్టవలెనని 1882లో ఇంగ్లాండు న్యాయస్థానము తీర్పు చెప్పెను. విత్తనపు వడ్లు దంచి వండి పెట్టి, పంట బాగున్నదని చెప్పిన పాలికాపును ఎవరు మెచ్చుకొందురు?

మిగిలిన సొమ్మును పంచుటయా, త్రవ్వుటయా అను చిక్కు కోలారు చరిత్రలో స్పష్టముగా కన్పించును. మైసూరు గనుల కంపెనీ 1880లో లండనులో ఏర్పడెను. కొద్ది యేండ్లలోనే మూలధనము చాల వరకు కరగిపోయెను, బంగారము కన్పడలేదు, వాటాల ధర పడిపోయెను. కార్యము చాలించి మిగిలినది దక్కించుకొందమనువారు కొందరు. గని నిర్వాహకులైన జాన్ టేలర్ సంస్థవారు మాత్రము ఉన్న సొమ్ముతో ఇంకను లోతునకు పోవుదమనిరి. ఆ మాటయే నెగ్గెను. ప్లమ్మర్ అను గని అధికారి పూర్వుల త్రవ్వకముల క్రిందికి దింపగా, తరువాత ఛాంపియన్ లోడ్ అని ప్రసిద్ధికెక్కిన పట్టె దొరకెను. ఆ పిమ్మట దశాబ్దముల తరబడి లాభాంశములు ప్రవహించెను.

వాటాలమ్మువారు ఈ కథను మనకు తప్పక చెప్పుదురు. వైనాడు కథను చెప్పరు. కోలారు కంపెనీ పుట్టిన ఆ రోజులలోనే వైనాడు బంగారము పేర లండనులో పెక్కు కంపెనీలు వెలసెను. అక్కడను ధైర్యముగానే త్రవ్విరి. కొలది యేండ్లకే దాదాపు అన్నియు మునిగెను. సొమ్ము పంచక దాచుకొనుట ఒక్కటే కంపెనీ యోగ్యతకు సాక్ష్యము కాదన్నమాట.

ఇక ఓర్పు ఎంతకాలము? మన దేశమున 1993 నాటి జాతీయ ఖనిజ విధానము బంగారపు రంగమును ప్రైవేటు మూలధనమునకు తెరచెను. కర్నూలు జిల్లా జొన్నగిరిలో జియోమైసూరు కంపెనీ చేపట్టిన గని ఉత్పత్తి దశకు చేరువగుటకు దాదాపు మూడు దశాబ్దములు పట్టెను. అనుమతులు, పరీక్షలు, భూసేకరణ, యంత్రములు, అన్నిటికిని కాలమే. తొలకరి వానలకు అదే ప్రాంతపు చేలలో వజ్రములు వెదకువారికి ఒక్క పూటలో అదృష్టము పండవచ్చును గాని, గనికి ఆ సౌకర్యము లేదు.

ఈ మధ్యకాలమున వాటాదారు గమనింపవలసినది లాభాంశము కాదు, వాటాల సంఖ్య. కంపెనీకి లక్ష వాటాలున్నప్పుడు మీకు నూరు వాటాలున్నవనుకొనుడు. వేయింట ఒక వంతు మీది. సొమ్ము చాలక మరి లక్ష వాటాలు జారీచేసి ఇతరుల కమ్మినచో, మీ నూరు వాటాలు నూరుగానే యుండును గాని మీ వంతు రెండువేలలో ఒకటి యగును. లాభాంశము పంచి, మరుసటి యేడు క్రొత్త వాటాలతో సొమ్ము వసూలు చేయు కంపెనీ కుడిచేత ఇచ్చి ఎడమచేత పుచ్చుకొనుచున్నది. నడుమ మీరు పన్ను కట్టుకొందురు. 2020 ఏప్రిల్ 1 నుండి లాభాంశము వాటాదారుని ఆదాయముగానే లెక్కకు వచ్చును.

పెద్ద కంపెనీలు తమ లాభాంశ విధానమును వ్రాసి ప్రకటింపవలెనని సెబీ నియమము. 2016లో ఇది మార్కెట్టు విలువలో మొదటి 500 కంపెనీలకు, 2021 నుండి మొదటి 1000 కంపెనీలకు వర్తించును. చిన్న అన్వేషణ కంపెనీ ఆ వరుసలో లేకపోయినను, ఒక పుట వ్రాసి యిచ్చుట మర్యాద. ఆ పుటలో "లాభాంశ మీయ నుద్దేశించుచున్నాము" అను వాక్యమునకు విలువ తక్కువ. చేతిలో నెంత సొమ్మున్నది, నెలకెంత ఖర్చు, గనికి అప్పు తెచ్చినచో అది తీరువరకు పంపకము ఆగునా, ఇవి వ్రాసిన పుటకు విలువ ఎక్కువ.

గని తెరచి లాభాంశము వచ్చినప్పుడైనను దాని నంతయు వడ్డీవలె భావింపరాదు. గని తరుగు ఆస్తి. త్రవ్విన బంగారము మరల మొలవదు. తరగిపోవు గనికి బదులు నిధి కూడబెట్టకయే లాభాంశ మీయవచ్చునని న్యూషాటెల్ ఆస్ఫాల్ట్ కంపెనీ వ్యాజ్యమున 1889లోనే ఇంగ్లాండు న్యాయస్థానము అంగీకరించెను. అనగా మన చేతికి వచ్చు రూపాయిలో కొంత లాభము, కొంత మన అసలే. మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగిన కోలారు గనులు సయితము 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. కావున అట్టి లాభాంశమును పూర్తిగా ఇంటి ఖర్చులకు వాడక, అందు కొంత తీసి వేరుచోట నుంచుట మేలు.