పాత పాటల ఫైళ్లను కాపాడుకుందాం

మదనపల్లెలో డీటీపీ చేయించిన కూడిక పాటల ఫైలును పుంగనూరులోనో కుప్పంలోనో మరో కంప్యూటర్లో తెరిస్తే, ఒక్కోసారి తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు ఉంటాయి. ఆ ఫాంటు లేనిచోట ఇంగ్లీషే బయటపడుతుంది.

1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలున్నాయి, ‘క’కు 3093. అందుకే నేటి ఫోన్లలో అది ‘క’గానే కనిపిస్తుంది, వెదికితే దొరుకుతుంది.

మన పెద్దలు రాసిన పాటలు, సంఘ చరిత్ర పాత ఫైళ్లలోనే ఉండిపోతే ఆ కంప్యూటరుతోపాటే పోతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పని యౌవనస్థులకు అప్పగిద్దాం. మార్చాక ఒత్తులను, వాక్య భాగాల సంఖ్యలను అచ్చుప్రతితో సరిచూద్దాం. అంతవరకు పాత ఫైలును చెరపవద్దు.