బొమ్మల పుస్తకములో గొంగళిపురుగు

1969లో అమెరికా చిత్రకారుడు ఎరిక్ కార్ల్ వెలువరించిన ఆకలి గొంగళిపురుగు కథ పసిపిల్లలకు మిక్కిలి ప్రియమైనది. పుటలలోని రంధ్రములలో వేలు దూర్చుచు వారు పురుగు తిన్న పండ్లను లెక్కింతురు. అది కేకును కూడ తిని, గూడు కట్టుకొని, సీతాకోకచిలుకయై వెలువడును.

కథకు అది చాలును. కాని పుస్తకము మూసి, పురుగును డబ్బాలో పెట్టి అరటిపండు వేసిన పిల్లవాని పురుగు ఆకలితో చచ్చును. నిమ్మచెట్టుపై దొరకు పురుగుకు ఆ జాతి ఆకులే కావలెను.

గూటి సంగతియు చూడదగినది. దారముతో గూడల్లునది పట్టుపురుగు. నిమ్మచెట్టు పురుగు మొదట పక్షిరెట్టవలె నుండి, పిదప పచ్చబడి, తుదకు నడుమునకు ఒక్క పట్టుదారము చుట్టుకొని కొమ్మకు ఆనుకొనును. చర్మము విడువగా లోపలి ప్యూపా గట్టిపడును. గూడు లేదు. ఉపాధ్యాయుడు ఆ పుట చదువునాడు పురుగుతో కూడిన నిమ్మకొమ్మను తరగతికి తెచ్చుట మేలు. నీటిసీసాలో నిలిపినచో ఆకులు త్వరగా వాడవు.