మోటారు ఆపినా కెపాసిటర్‌తో జాగ్రత్త!

గరివిడి ప్రాంతంలో నూతులు, బోర్ల మీద మోటార్లు నడిపే రైతులు స్టార్టరు పక్కనుండే కెపాసిటర్ సంగతి తెలుసుకోవాలి. అందులో రెండు పల్చని లోహపు పొరలు, నడుమ కరెంటు పారనివ్వని ప్లాస్టిక్ పొర ఉంటాయి. కరెంటు ఇవ్వగానే ఒక పొర మీద రుణ, రెండోదాని మీద ధన విద్యుదావేశం చేరతాయి. నడుమ అడ్డు ఉండడంతో కలవలేక అక్కడే నిలుస్తాయి. ఇదే చార్జి.

మోటారు తిరుగుతున్నంతసేపూ ఇది నిండుతూ, ఖాళీ అవుతూ లైను మీద భారం తగ్గిస్తుంది. 5 హెచ్.పి. మోటారుకు సాధారణంగా 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ వాడతారు.

స్విచ్ తీసినా చార్జి వెంటనే పోదు. దాన్ని దించే లోపలి రెసిస్టరు పాడైతే చాలాసేపు ఉండిపోవచ్చు. అందుచేత మెయిన్ తీసి కనీసం 5 నిమిషాలు ఆగండి. ఆ తర్వాతైనా తీగల కొసలు వట్టి చేత్తో తాకవద్దు. ఉబ్బిన కెపాసిటర్‌ను మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.