నీడతో భూమిని కొలుచుట

గడియారము చూడకయే ప్రొద్దు చెప్పగలవారు మన గ్రామములయందు నేటికిని కలరు. ఎండలో నిలిచి, తమ నీడను తమ యడుగులతో కొలిచి, ప్రొద్దెంత యెక్కినదో చెప్పుట మన తాతలనాటి పద్ధతి. పంచాంగము గుణించు సిద్ధాంతులకు పండ్రెండంగుళముల శంకువు తెలియును. విషువద్దినమున మధ్యాహ్నవేళ ఆ శంకువు వేయు నీడకు వారు పలభ యని పేరిడిరి. ఊరు మాఱిన పలభయు మాఱును. సూర్యుడొక్కడే, శంకువొక్కటే, నీడ మాత్ర మేల మాఱవలెను? ఈ చిన్న ప్రశ్నను చేతబట్టుకొని పెక్కు దేశముల పాఠశాలలయందు పదేండ్ల బాలబాలికలు భూమి చుట్టుకొలతను తామే కనుగొనుచున్నారు. ఆ సంగతిని పెద్దలకు మనవి చేయుటకై ఈ ప్రసంగము.

భూమి చుట్టుకొలత యెంత యని బడిపిల్లవాని నడిగినచో, 40,000 కిలోమీటర్లని తడుముకొనక చెప్పును. నీకెట్లు తెలిసిన దన్నచో, పుస్తకములో నున్న దనును. పుస్తకము వ్రాసినవాని కెట్లు తెలిసిన దని మూడవ ప్రశ్న వేసినచో ఊరకుండును. తప్పు పిల్లవానిది కాదు. మొదటి ప్రశ్నకు ఉత్తరము వల్లెవేయించితిమి గాని మూడవ ప్రశ్నకు ఉత్తరము వెదకుట నేర్పమైతిమి. విజ్ఞానశాస్త్రము పుట్టినది ఆ మూడవ ప్రశ్నలోనే గదా!

ఈ లోపము మనకొక్కరికే కలదనుకొన బనిలేదు. అమెరికాయందు లియాన్ లెడర్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త 1988లో నోబెల్ బహుమానము నందెను. ఆయన చికాగో నగరమునందలి బీదపేటల పాఠశాలలలో, పిల్లలు స్వయముగ ప్రయోగములు చేసి నేర్చు పద్ధతి నెలకొనుటకై మిక్కిలి పాటుపడెను. ఆయన మిత్రుడు జార్జి షర్పాక్. ఈయన పోలండు నుండి బాల్యమున ఫ్రాన్సునకు వలసవచ్చినవాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీల నిర్బంధశిబిరమున బాధలు పడినవాడు. 1992లో తానును నోబెల్ బహుమానము నందినవాడు. షర్పాక్ చికాగో పాఠశాలలను కన్నులార చూచి, స్వదేశమున పియెర్ లేనా, ఈవ్ కేరె అను ఇరువురు శాస్త్రవేత్తలతో కూడి, ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు తోడ్పాటుతో 1996లో ఒక యుద్యమము నారంభించెను. దాని ఫ్రెంచి పేరునకు "పిండిలో చేయి" యని యర్థము. రొట్టె చేయుటను గూర్చి విని రొట్టె నేర్చినవా రెవరును లేరు. పిండి పిసికిననే చేతికి తెలియును. పేరులోని భావమిదియే.

మొదటి యేట సుమారు 350 తరగతులలో మాత్రమే యిది ప్రారంభమైనది. ఉపాధ్యాయుడు ఉత్తరము చెప్పక ప్రశ్న నిచ్చును. పిల్లలు తమకు తోచిన యూహను వ్రాసికొని, ప్రయోగము చేసి, కనబడినదానిని తమ మాటలలో తమ పుస్తకమున లిఖింతురు. ఊహ తప్పినచో దానిని చెఱిపివేయరు. తప్పును ఒప్పును ప్రక్కప్రక్కనే యుండును. ఉపాధ్యాయునకు విజ్ఞానమునందు జంకు కలిగిన తరుణమున ఉన్నతవిద్యాలయముల నుండి విద్యార్థులును శాస్త్రజ్ఞులును వచ్చి ప్రక్కన నిలుతురు. వారు పాఠము చెప్పుటకు రారు, ఉపాధ్యాయునకు ధైర్యమిచ్చుటకు వత్తురు. 2001లో చైనాదేశమున వై యూ అను విదుషీమణి "చేసి నేర్చుకొనుట" యను పేర ఇట్టి కార్యక్రమమును ఫ్రెంచివారి సహకారముతో ఆరంభించినది. 2011లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తును, పారిస్, లియోన్ నగరముల మహావిద్యాలయములు రెండును కలిసి ఈ యుద్యమమును స్థిరమైన సంస్థగా నెలకొల్పినవి.

ఇక నీడ సంగతి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున, ఈజిప్టునందలి అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీసు అను పండితు డుండెను. దక్షిణమున సయీను పట్టణమునందు సంవత్సరమున కొకనాడు మధ్యాహ్నము నీడ పడదనియు, అదేవేళ తన పట్టణమున పడుచున్నదనియు ఆయన గుర్తించి, ఆ భేదమునుబట్టి భూమిని కొలిచెను. ఆ పద్ధతినే నేటి పిల్లలు రెండు దూరపు పాఠశాలలుగా కూడి అనుసరించుచున్నారు.

దీనికి కావలసినది ఒక మీటరు కఱ్ఱ, చదునైన నేల. దారమునకు బరువు కట్టి వ్రేలాడదీసి, కఱ్ఱ నిటారుగ నున్నదో లేదో చూతురు. గడియారము పండ్రెండు కొట్టినంతనే మధ్యాహ్నమైనదని నమ్మరు. కొన్ని నిమిషముల కొకసారి నీడకొనను గుఱుతిడుచు పోగా, అన్నిటికంటె కుఱుచయైన నీడ యేదో అదియే ఆ యూరి నిజమైన మధ్యాహ్నము.

విషువద్దినమున హైదరాబాదులో మీటరు కఱ్ఱ నీడ సుమారు 31 సెంటీమీటర్లు, ఢిల్లీలో 54న్నర. కాగితముపై కఱ్ఱను, నీడను కొలతకు తగినట్లు గీచి కోణమాపకముతో చూచిన, మొదటిచోట సూర్యకిరణము కఱ్ఱతో చేయు కోణము 17.4 డిగ్రీలు, రెండవచోట 28.6. భేదము 11.2 డిగ్రీలు. నేల బల్లపరుపైనచో, అంతదూరమునుండి వచ్చు కిరణములకు రెండు నీడలును సమానముగ నుండవలెను. గుమ్మడికాయపై ఎడముగ రెండు పుల్లలు గ్రుచ్చి యెండలో నుంచిన ఈ విషయము సులభముగ బోధపడును. నీడలలో భేదము వచ్చినది కాయ గుండ్రముగ నుండుటచేతనే. ఈ రెండు నగరములును ఇంచుమించు ఉత్తర దక్షిణముగ నున్నవి. ఎడము రమారమి 1,245 కిలోమీటర్లు. 11.2 డిగ్రీలకు 1,245 కిలోమీటర్లైనచో, వృత్తమంతటికి, అనగా 360 డిగ్రీలకు ఎంత? త్రైరాశికము తెలిసిన బాలుడు 40,000 అని తానే చెప్పును. ఆ సంఖ్య యిప్పుడు వల్లించినది కాదు, వాడు సంపాదించుకొన్నది.

ఇందొక విశేషము గమనింపదగినది. ఎంత తెలివిగల బాలుడైనను తన నీడ నొక్కదానిని పట్టుకొని భూమిని కొలువజాలడు. దూరమున మఱియొక బాలుడు తన నీడను కొలిచి పంపవలెను. హైదరాబాదు పిల్లవాడు బద్ధకించి ఒక్క సెంటీమీటరు ఎక్కువ వ్రాసినచో భూమి చుట్టుకొలత దాదాపు 2,000 కిలోమీటర్లు పెరిగిపోవును. పుస్తకమునందలి యంకెకు సరిపోవుటకై తన కొలతను దిద్దినచో, ముఖమైన నెఱుగని స్నేహితుని శ్రమను వ్యర్థము చేసినవా డగును. పరీక్షలో తప్పు వ్రాసినచో తన మార్కులే పోవును. ఇచట తప్పు వ్రాసినచో ఇద్దఱి పనియు చెడును. సత్యము చెప్పవలెనని నోటితో బోధించుట యొకటి, దాని యవసరమును చేతికి తెలియజేయుట మఱియొకటి.

ఈ సహకారమున ఇచ్చువాడు వేఱు, పుచ్చుకొనువాడు వేఱు కాదు. తెలుగుదేశమున సూర్యుడు ఏట రెండుసార్లు నడినెత్తిపైకి వచ్చును. హైదరాబాదులో మే రెండవ వారమునందును, ఆగష్టు మొదటి వారమునందును నిటారైన కఱ్ఱకు మధ్యాహ్నము నీడయే యుండదు. పారిస్ నగరపు పిల్లవానికి ఈ దృశ్యము తన యింటిముంగిట ఎన్నడును కానరాదు. వానికి లేని కొలత మనవానివద్ద కలదు. బీదబడియైనను ఇందు సమానభాగస్వామియే.

చేతితో నేర్చు విద్య మనకును క్రొత్త కాదు. 1999లో స్థాపితమైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ అను సంస్థ చిత్తూరుజిల్లా కుప్పము చేరువను ఇట్టి విద్యాకేంద్రమును నడుపుచు, ప్రయోగసామగ్రిని బండ్లలో గ్రామపాఠశాలలకు పంపుచున్నది.

అయితే బండి వచ్చువఱకు వేచియుండ నక్కఱలేదు. పెద్దలు బడి యావరణలో చెట్టునీడ సోకని కొంతచోటు చదునుచేయించి, ఒక కఱ్ఱ పాతించి, దూరగ్రామమునందలి బడితో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుటకు ఉపాధ్యాయునకు ప్రోత్సాహ మిత్తురుగాక. విషువద్దినమున మీరును అచటికి పోయి కూర్చుండుడు. అడుగులతో ప్రొద్దు కొలుచు విధము మీరు చెప్పుడు. భూమిని కొలుచు విధము మీ మనుమలు మీకు చెప్పుదురు.