ఏడాదికి ఒక్క వారం ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఏడాదికి ఒక్క వారం మాత్రమే మనదయ్యే ఇల్లు కొని చూడమని మాత్రం వారు అనలేదు. అటువంటి ఇల్లు ఒకటి ఉండగలదని వారికి తోచి ఉండదు. ఇవాళ అమెరికాలో అటువంటి ఇళ్లు లక్షల మందికి ఉన్నాయి. అక్కడ కాపురమున్న మన తెలుగువారిలోనూ కొందరు కొంటున్నారు. దానిని టైమ్‌షేర్ అంటారు.

సంగతి చాలా తేలిక. సముద్రతీరంలోనో, కొండమీదనో, పిల్లల వినోదస్థలాల పక్కనో ఒక భవనం కడతారు. అందులో ఒక్కొక్క వాటాలో రెండు పడకగదులు, హాలు, వంటగది, గిన్నెలతో సహా అమర్చి ఉంటాయి. ఆ వాటాను ఏడాదిలోని వారాల లెక్కన ముక్కలు చేసి, ఒక్కొక్క వారం ఒక్కొక్కరికి అమ్ముతారు. చెరువు కింద రైతులు నీటికి వంతులు వేసుకొన్నట్లే ఇదీను. చాలాచోట్ల దస్తావేజు రాసి, కౌంటీ రికార్డుల్లో రిజిస్టరు కూడా చేస్తారు.

ఈ పద్ధతి ఐరోపాలో పుట్టింది. 1963లో స్విట్జర్లాండులో హాపిమాగ్ అనే సంస్థ సభ్యులందరికీ కలిపి విహారగృహాలు కొనటం మొదలు పెట్టింది. తరువాత అది అమెరికా చేరింది. అయితే ప్రతి ఏడూ అదే ఊరికి, అదే ఇంటికి వెళ్లాలంటే ఎవరికైనా విసుగు పుడుతుంది గదా! ఆ విసుగులోనే మరొక వ్యాపారం పుట్టింది. 1974లో ఇండియానాపొలిస్‌లో డిహాన్ దంపతులు ఆర్.సి.ఐ. అనే మార్పిడి కంపెనీ పెట్టారు. 1976లో ఇంటర్వల్ ఇంటర్నేషనల్ అనే రెండవ కంపెనీ వచ్చింది. నీ వారం మాకు ఇవ్వు, మరొకరి వారం నీకు ఇప్పిస్తాము అనేదే వాటి వ్యాపారం.

రూపాయి సరుకు అణాకు

కట్టిన కంపెనీ దగ్గర కొత్తగా కొంటే ఒక వారం ఖరీదు ఇరవై వేల డాలర్లకు పైన పలుకుతుంది. అదే వారం వాడుకొన్నవారి దగ్గర కొంటే కొన్ని వందల డాలర్లకు దొరకవచ్చు. ఒక్క డాలరుకు ఇచ్చి, చేతులు దులుపుకొనే వారూ ఉన్నారు.

ఎందుకింత చవక? ఏటా కట్టవలసిన మెయింటెనెన్స్ ఫీజు వల్ల. రెండు గదుల వాటాకు అది వెయ్యి డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది, ఏటా పెరుగుతుంది. వాడుకొన్నా, వాడుకోకపోయినా కట్టవలసిందే. వయసు మళ్లి ప్రయాణాలు మానుకొన్నవారు ఆ భారం వదిలించుకోవటమే లాభమనుకొంటారు. కాబట్టి కొనేవాడు చూడవలసింది కొన్న ధర కాదు. ఏటేటా కట్టే ధర.

మొదటి ఏడు ఎవరిది?

మా అక్కయ్య కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. 2023 చివర ఒర్లాండోలో రెండు గదుల వారం ఒకటి, ఒక వృద్ధ దంపతుల దగ్గర కొన్నాడు. విహారాల మీద మోజుతో కొన్నది కాదు. 2024 వేసవిలో అక్కయ్యా, బావగారూ తెనాలి నుంచి వాడి దగ్గరకు వెళ్లవలసి ఉన్నది. బావగారికి డెబ్బయి ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. మరోమారు అంత దూరం విమానమెక్కగలరో లేదో ఎవరు చెప్పగలరు? హోటలు భోజనం ఆయన ముట్టరు. వంటగది ఉండాలి, అందరూ ఒకే కప్పు కింద ఉండాలి, పిల్లలకు బడి సెలవులు కావాలి. ఈ మూడూ కుదిరే వారం ఒక్కటి చాలు.

దస్తావేజు జనవరిలో రిజిస్టరయింది. రిసార్టువారి పుస్తకాల్లో పేరు మారటానికి మరికొన్ని వారాలు పట్టింది. ఆ పేరు మారేదాకా రిజర్వేషను గుమాస్తా వీడితో మాట్లాడనే లేదు. ఫిబ్రవరిలో మాట్లాడేసరికి, 2024 సంవత్సరపు వారం లేదన్నాడు. పాత యజమానులు అంతకు ముందు వేసవిలోనే ఆ ఏటి ఫీజు ముందుగా కట్టి, ఆ వారాన్ని మార్పిడి కంపెనీలో తమ పేర డిపాజిట్ చేశారట. ఒకసారి డిపాజిట్ చేసిన వారం డిపాజిట్ చేసినవారి ఖాతాలోనే ఉంటుంది. దస్తావేజు చేతులు మారినంత మాత్రాన అది చేతులు మారదు.

ఆ దంపతులది దురుద్దేశం కాదు, మరచిపోయారు. అమ్మకం నాడు వీడి దగ్గర తీసుకొన్న ఆ ఏటి ఫీజు డబ్బు తిరిగి పంపారు. డబ్బు వచ్చింది, వారం రాలేదు.

“మామయ్యా, నాన్నగారికి ఏం చెప్పను?” అన్నాడు ఫోనులో.

“ఇప్పుడే ఏమీ చెప్పకు. 2025 వారం నీదేగా? దానితో ఏమైనా చేయవచ్చునేమో కనుక్కో,” అన్నాను.

దారి అక్కడే దొరికింది. ఆ రిసార్టులో రిజర్వేషన్లు పన్నెండు నెలల ముందు తెరుస్తారు. 2024 మార్చిలోనే 2025 మార్చి నెల వారం రిజర్వు చేసి, ఆ ఏటి ఫీజు ముందుగా కట్టి, ఆ వారాన్ని డిపాజిట్ చేశాడు. వచ్చే ఏటి వారం ఇచ్చి ఈ ఏటి వారం పుచ్చుకోవటానికి మార్పిడి కంపెనీలు ఒప్పుకొంటాయి. జూలై నెల అడిగితే దొరకదని తెలిసి, ఆగస్టు ఆఖరు వారం అడిగాడు. దక్షిణాది రాష్ట్రాల్లో బళ్లు చాలావరకు ఆగస్టులోనే తెరుస్తారు, న్యూజెర్సీలో సెప్టెంబరులో. ఆ మధ్య రోజుల్లో రద్దీ తగ్గుతుంది. మే నెలలో వర్జీనియాలోని విలియమ్స్‌బర్గులో రెండు గదుల వాటా దొరికింది. కారులో వెళ్లగలిగిన దూరం. ఏడు రోజులూ అక్కయ్య చేతి చారు, పప్పు. 1607లో ఆంగ్లేయులు వచ్చి దిగిన జేమ్స్‌టౌను చూసి, మన మచిలీపట్నం ఫ్యాక్టరీతో పోల్చి చెబుతూ మనుమలకు బావగారు పాఠం చెప్పారట.

దీనికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, 2025లో వాడికి వారం లేదు. అది తెలిసే చేశాడు.

కనుక వాడిన వారం కొనేవారు రిసార్టు నుంచి ఎస్టాపెల్ అనే పత్రం అడిగి తెప్పించుకోవాలి. ఫీజు బాకీ ఉన్నదా, ఏ ఏటి వారం నుంచి కొత్తవారికి హక్కు, ముందు ఏళ్ల వారాలు ఎవరైనా వాడుకొన్నారా, డిపాజిట్ చేశారా, ఈ ప్రశ్నలన్నిటికీ అందులో రాతపూర్వకంగా జవాబు ఉండాలి. ఫీజు ముందే కట్టేశామని ఎవరైనా చెబితే, ఎందుకు కట్టారని అడగాలి. కొన్ని రిసార్టులకు, మరొకరు కొనబోయే వారాన్ని అదే ధరకు తామే కొనే హక్కు ఉంటుంది. ఆ గడువు దాటేదాకా విమానం టిక్కెట్లు కొనరాదు.

వారానికీ అధికమాసం

వారాలు రెండు రకాలు. ఏటా అదే నంబరు వారం దొరికేది స్థిర వారం. ఒక ఋతువులో ఏ వారమైనా ముందు అడిగినవారికి ఇచ్చేది తేలే వారం.

స్థిర వారం కొంటే బెంగ లేదనుకోరాదు. ఏడాదిలో 52 వారాలంటే 364 రోజులే. మిగిలిన రోజు ఏటేటా జరుగుతూ వస్తుంది. శనివారంతో లెక్క మొదలుపెట్టే రిసార్టులో 2025 జూలై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం, 26వ వారంలో పడింది. 2026లో అదే జూలై 4వ తేదీన 27వ వారం మొదలవుతుంది. పండుగ కోసమని 26వ వారం కొన్నవారు ఆ ఏడు పండుగనాడు గది ఖాళీ చేయవలసి వస్తుంది. మిగిలిన రోజులు పోగై అయిదారేళ్లకొకసారి 53వ వారం వస్తుంది. శనివారపు లెక్కలో 2022లో ఒకటి వచ్చింది. 2028 డిసెంబరు 30న మరొకటి మొదలవుతుంది. మన అధికమాసం వంటిదే ఇది. ఆ వారం ఎవరిదో ఆ రిసార్టు నిబంధనలే చెప్పాలి. శుక్రవారం, ఆదివారం లెక్కలు వేరు. కనుక రిసార్టు అచ్చువేసే వారాల క్యాలెండరు దగ్గర పెట్టుకోవాలి.

తేలే వారానికి సూత్రం ఒక్కటే: తలుపు తెరిచిన రోజునే వెళ్లి నిలబడాలి. పన్నెండు నెలలో, పదమూడు నెలలో, ఆ గడువు రిసార్టును బట్టి మారుతుంది. మీరు అక్కడికి వెళ్లదలచుకోకపోయినా, మార్పిడికి ఇవ్వదలచినా, అందరూ కోరే వారాన్నే ముందుగా పట్టుకోవాలి. ఎందుకంటే —

మార్పిడి బేరం

సంతలో అందరి ఎడ్లకూ ఒకే ధర పలకదు. మార్పిడి కంపెనీ దగ్గర కూడా ప్రతి వారానికీ ఒక బలం ఉంటుంది. ఊరికి ఎంత గిరాకీ, ఏ ఋతువు, ఎన్ని గదులు, ఎంత ముందుగా డిపాజిట్ చేశారు అనేవి ఆ బలాన్ని నిర్ణయిస్తాయి. తొమ్మిది నెలలో ఏడాదో ముందు ఇచ్చిన వారానికి పూర్తి విలువ. రెండు నెలల ముందు ఇస్తే విలువ బాగా పడిపోతుంది.

అడిగే పద్ధతి కూడా తెలియాలి. ఇవాళ ఖాళీ ఉన్న వాటిని వెబ్‌సైటులో చూసి ఊరుకొంటే మంచివి కంటపడవు. అవి ముందుగా కోరిక నమోదు చేసుకొన్నవారికి పోతాయి. కనుక కావలసిన ఊరు, తేదీలు రాయించి వరుసలో నిలబడాలి. ఒక్క రిసార్టు, ఒక్క తేదీ కోరితే ఏళ్లు పట్టవచ్చు. నాలుగు ఊళ్లు, మూడు వారాలు రాయిస్తే దొరికే అవకాశం ఎక్కువ.

అడ్డంకులు కూడా ఉన్నాయి. ఒర్లాండో వారం ఇచ్చి ఒర్లాండోలోనే మరొక రిసార్టు అడిగితే కొన్ని సందర్భాల్లో ఇవ్వరు. కొన్ని రిసార్టులకు నాలుగేళ్లకు ఒక్కసారే మార్పిడి మీద వెళ్లవచ్చు. మీ బదులు తల్లిదండ్రులనో స్నేహితులనో పంపాలంటే అతిథి పత్రం కొనాలి. దానిని డబ్బుకు అమ్ముకోరాదు.

ఒక వెసులుబాటు కూడా ఉన్నది. కొన్ని వాటాల మధ్య తలుపు వేస్తే రెండు వేరు వేరు వాటాలవుతాయి. ఆ రెండు ముక్కలూ విడిగా డిపాజిట్ చేస్తే ఒక్క ఫీజు మీద రెండు వారాల విహారం చేయవచ్చు. అయితే మార్పిడి రుసుము రెండుసార్లు కట్టాలి.

లెక్క చూడండి

మెయింటెనెన్స్ వెయ్యి డాలర్లు అనుకొందాము. మార్పిడి రుసుము రెండు వందల ముప్ఫయి, మార్పిడి కంపెనీ సభ్యత్వం వంద వేసుకొందాము. మొత్తం 1,330. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 190 డాలర్లు. ఆరుగురికి రెండు గదులు, వంటగది ఇచ్చే ఊళ్లో అది లాభమే. ఇద్దరే వెళ్లి ఒక్క గదిలో ఉండేవారికి హోటలే మేలు. ఒక ఏడు వాడుకోకపోతే మొత్తం నష్టమే.

వాడిన సరుకుకు కొన్ని హక్కులు తగ్గుతాయని కూడా గుర్తుంచుకోవాలి. ఉదాహరణకు డిస్నీవారి విహార సంఘంలో సొంత రిసార్టుకు పదకొండు నెలల ముందు, మిగిలినవాటికి ఏడు నెలల ముందు రిజర్వేషను చేసుకోవచ్చు. 2019 జనవరి 19 నుంచి ఇతరుల దగ్గర కొన్నవారికి తరువాత కట్టిన కొత్త రిసార్టుల్లో ప్రవేశం తగ్గించారు.

ఇక వదిలించుకొనే సంగతి. మీ వారానికి కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నాడు, ముందు రుసుము పంపండి అని ఫోను వస్తే నమ్మరాదు. 2023 ఏప్రిల్‌లో అమెరికా ఖజానా శాఖ మెక్సికోలోని ఒక మత్తుమందుల ముఠాతో సంబంధమున్న టైమ్‌షేర్ మోసగాళ్ల మీద ఆంక్షలు విధించింది. వారి గురి ఎక్కువగా వృద్ధుల మీదనే.

మన దేశంలో కూడా ఈ పద్ధతి పాతదే. 1986లో స్టెర్లింగ్ సంస్థ మొదలయింది. తరువాతి దశాబ్దంలో క్లబ్ మహీంద్రా వచ్చి, ఇరవై అయిదేళ్ల సభ్యత్వాన్ని ఋతువులను బట్టి ఊదా, ఎరుపు, తెలుపు, నీలం రంగుల కింద అమ్మింది. ఇక్కడ గడువు తీరితే హక్కు తీరుతుంది. అమెరికాలో దస్తావేజు ఉన్న వారాలు చాలావరకు శాశ్వతం. యజమాని పోతే, ఫీజుతో సహా ఆ వారం వారసుల గడప ముందుకు వస్తుంది.

కనుక అక్కడ ఉన్న మన పిల్లలు కొనబోతూ సలహా అడిగితే మూడు ప్రశ్నలు వేయండి. మొదటి ఏటి వారం ఎవరి చేతిలో ఉన్నది? రిజర్వేషను తలుపు ఏ రోజున తెరుస్తారు? మనకు అక్కర తీరిన నాడు ఈ వారాన్ని ఎవరు పుచ్చుకొంటారు? మూడిటికీ జవాబు రాతపూర్వకంగా ఉంటే కొనమనండి. ఒక్కదానికి లేకపోయినా, ఆ డబ్బుతో విమానం టిక్కెట్టు కొని మన ఊరే రమ్మనండి.